మూడు తాళాల మరుగుదొడ్డి

కూలివాడికి కావలసింది కూలి కాదు, అవగాహన!

ఈ మాటకు మీరు నొసలు చిట్లిస్తున్నారని నాకు తెలుసు. చిట్లించండి, నేను వెనక్కి తగ్గను. కూలి దొరికితే ఒక్క పూట గడుస్తుంది. అవగాహన దొరికితే పూట గడవకపోయినా పొద్దు గడుస్తుంది. నమ్మకం కుదరకపోతే ఏ సోమవారమో పొద్దున్నే వనపర్తి వచ్చి మా కూలీల అడ్డా మీద ఒక్క గంట నిలబడి చూడండి. పని దొరకనివాళ్లు తొమ్మిదింటికల్లా మెడలో గుర్తింపు కార్డుతో, చేతిలో నీళ్ల సీసాతో, కడుపులో ఆకలితో, తలనిండా అవగాహనతో ఇంటిదారి పడతారు.

అడ్డా అంటే ఏమిటో తెలియని అదృష్టవంతుల కోసం రెండు మాటలు. ఆరు కొట్టేసరికి చుట్టుపక్కల పల్లెల నుంచి ఆటోలు వస్తాయి. పార, గంప, గడ్డపార పట్టుకుని ఆడా మగా దిగి రోడ్డు వారన వరుస కడతారు. మేస్త్రీలు బండ్ల మీద వస్తారు. ‘ఇద్దరు ఆడోళ్లు, ఒక మొగోడు’ అని పిలిచి తీసుకుపోతారు. మేస్త్రీలు ఏడింటికి వస్తారు. మా సంఘాలు ఆరున్నరకే వస్తాయి. చూశారా, ఎంత శ్రద్ధ!

అవును, సంఘాలు. ఒకటి కాదు, మూడు! శ్రామిక జ్యోతి, వలస మిత్ర వేదిక, చెమట చుక్క ఫౌండేషన్. సోమవారం ఒకరి సదస్సు, బుధవారం మరొకరిది, శుక్రవారం ఇంకొకరిది. మిగిలిన రోజుల్లో ముగ్గురూ కలిసి సమన్వయ సమావేశం జరుపుకుంటారు. అది జరిగిన మరునాడు ముగ్గురూ మాట్లాడుకోరు.

వారి మధ్య పోటీ ఉందంటారా? ఉంది. ఆరోగ్యకరమైన పోటీ! ఒకరు కూలీకి గుర్తింపు కార్డు ఇస్తే, మరొకరు కార్డుకు ప్లాస్టిక్ కవరు ఇస్తారు, ఇంకొకరు ఆ కవరు వేలాడదీసుకోవడానికి మెడకు తాడు ఇస్తారు. ముగ్గురూ మూడు ఫొటోలు తీయించుకుంటారు. ఒక్క కూలీ ముగ్గురికి ఉపకారం చేయగల దేశం ఇంకెక్కడైనా ఉందా?

రాంబిలాస్‌నే తీసుకోండి. బీహారు నుంచి వచ్చి రైస్ మిల్లులో బస్తాలు మోస్తాడు. మిల్లు ఆగినప్పుడల్లా అడ్డాకు వస్తాడు. మూడు సంఘాలూ అతనికి ‘మీ హక్కులు’ అనే పుస్తకం తలా ఒకటి ఇచ్చాయి. మూడూ తెలుగులోనే. అతనికి తెలుగు చదవడం రాదు. కనుక అతని హక్కులు అట్ట చిరగకుండా, పేజీ నలగకుండా, అచ్చయిన నాటి వాసనతో భద్రంగా ఉన్నాయి. చదివి నలిపేసుకున్న హక్కుల కంటే చదవని హక్కులే మేలు కదా!

సభలో అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టేది కూడా అతనే. ఒకనాడు ఉండబట్టలేక అడిగాను. “రాంబిలాస్, అంత మనసు పెట్టి కొడతావు, నీకు ఏం అర్థమైంది?”

“మాలూమ్ నై సాబ్. తాలీ బజాయిస్తె సభ జల్ది ఖతమ్ అయితది.”

ఇంతకు మించిన అవగాహన ఏముంటుంది?

మన పాలమూరు మనిషి ముంబయికి వలస పోయి అక్కడి సంఘాల చేత మరాఠీలో అవగాహన పొందుతాడు. బీహారు మనిషి పాలమూరుకు వలస వచ్చి మన సంఘాల చేత తెలుగులో అవగాహన పొందుతాడు. ఎవరికీ అర్థం కాకుండా, ఎవరూ మిగిలిపోకుండా, దేశం ఎంత పొందికగా నడుస్తోంది!

ఇక అసలు సంగతికి వస్తాను. మా సంఘాల సేవకు శిఖరం అడ్డా పక్కన వెలసిన మహిళల మరుగుదొడ్డి. నీలిరంగు తలుపు. లోపల తెల్లని టైల్స్ అని విన్నాం. తలుపు మీద నవ్వుతున్న స్త్రీ బొమ్మ. ఆమె ఎందుకు నవ్వుతోందో ఎవరికీ తెలియదు. బహుశా లోపలికి వెళ్లివచ్చినది ఆమె ఒక్కతే కావచ్చు.

ఎందుకంటే ఆ తలుపుకు మూడు తాళాలు.

స్థలం చూపించింది శ్రామిక జ్యోతి. దరఖాస్తు రాసింది వలస మిత్ర వేదిక. హైదరాబాదు నుంచి దాతను తెచ్చింది చెమట చుక్క. ముగ్గురికీ సమాన హక్కు కనుక ముగ్గురూ సమానంగా తాళాలు వేశారు. దాతగారు వచ్చి రిబ్బను కత్తిరించేదాకా ఎవరూ తీయకూడదని ఒప్పందం. సంఘాలు పుట్టిన నాటి నుంచి ముగ్గురూ ఏకగ్రీవంగా చేసిన తీర్మానం ఇదొక్కటే.

నలభై రోజులు గడిచాయి. కొందరు గొణిగారు. నేను మాత్రం ఆ తాళాల పక్షమే వహించాను. ఊళ్లో తెరిచి ఉన్న మరుగుదొడ్ల దారిన ముక్కు మూసుకోకుండా నడిచినవారు ఎవరైనా ఉన్నారా? మరి మాది? నలభై రోజులైనా పెట్టెలోంచి తీయని గద్వాల చీరలా మెరుస్తోంది! వాడకపోవడమే కదా శుభ్రతకు తొలి సూత్రం!

సావిత్రమ్మకు మాత్రం ఈ సూత్రం తలకెక్కలేదు.

సావిత్రమ్మ కోడేరు మనిషి. ఇరవై ఏళ్లుగా ఇసుక, ఇటుక మోస్తోంది. పొద్దున ఇల్లు వదిలితే మళ్లీ ఇల్లు చేరేదాకా నోట చుక్క నీరు పోసుకోదు. పోసుకుంటే పోవడానికి చోటు లేదు. పని దొరికిన చోట పునాదులే తప్ప గోడలు ఉండవు. అడ్డా చుట్టూ గోడలే తప్ప చాటు ఉండదు. మిల్లు వెనక సర్కారు తుమ్మల చాటు ఒకటుంది, పది నిమిషాల నడక. పోయి వచ్చేలోగా మేస్త్రీ వచ్చి పోతాడు. అడ్డాకు ఒక రివాజు ఉంది నిజమే: వరుసలో గంప పెట్టి పోతే మనిషి ఉన్నట్టే లెక్క, ఆ చోటు ఇంకొకరు ముట్టరు. కానీ గంప చోటును కాపాడుతుంది, పనిని కాపాడదు. మేస్త్రీకి కావలసింది గంప కాదు కదా!

ఇరవై ఏళ్ల దాహం ఊరికే పోతుందా? ఈ చలికాలం సావిత్రమ్మ నడుము పట్టుకుని ఇటుకల మీదే కూలబడింది. దవాఖానలో డాక్టరమ్మ చూసి, మూత్రపిండాల్లో రాళ్లున్నాయంది. ఒక కిడ్నీ ఇప్పటికే మొరాయిస్తోంది, రోజుకు మూడు లీటర్ల నీళ్లు తాగకపోతే రెండోదీ దక్కదని చెప్పి పంపింది.

సావిత్రమ్మ తిన్నగా శ్రామిక జ్యోతి కార్యదర్శి జయపాల్ దగ్గరకు వచ్చింది. నేను ఆ పక్కనే టీ తాగుతున్నాను.

“ఓ జయపాలూ, ఆ తలుపు జర తియ్యరాదు బిడ్డా. డాక్టరమ్మ నీళ్లు తాగుమన్నది. తాగితే యాడికి పోవాలె?”

“తీస్తం అక్కా. దాతగారి డేట్ దొరకాలె గదా.”

“ఆయన డేట్ దొరికేదాంక నా నడుము ఆగుతదా?”

“ప్రారంభోత్సవం కాకముందే వాడితే ప్రోటోకాల్ తప్పుతదక్కా. మీ మంచికే చెప్తున్న.”

సావిత్రమ్మ వెంట వచ్చిన ఇందిరమ్మ చెంగు నోటికి అడ్డం పెట్టుకుని అడిగింది. “ప్రోటోకాల్ అంటే ఏంది వదినె?”

“మనకొచ్చినప్పుడు గాదు, ఆళ్లు రమ్మన్నప్పుడు రావాలె. గదీ ప్రోటోకాల్!”

టీ నా ముక్కులోకి పోయింది. జయపాల్ మాత్రం నవ్వలేదు. సేవలో ఉన్నవారు నవ్వరు.

ఇంతలో ఎండలు ముదిరాయి. మా సంఘాలు ఊరుకుంటాయా? ‘వడదెబ్బపై అవగాహన వారోత్సవం’ ప్రకటించాయి. రోజుకు ఎనిమిది గ్లాసుల నీళ్లు తాగండి అని మైకులో చెప్పారు. తాగకపోతే ఏమవుతుందో బొమ్మలు గీసి చూపించారు. మనిషికొక నీళ్ల సీసా పంచారు. ఆడవాళ్లు సీసాలు తీసుకున్నారు, దండం పెట్టారు, మూత తీయకుండా గంపల్లో పెట్టుకున్నారు. మూడు సంఘాలు, మూడు వాయనాలు. ఒక్కో గంపలో మూడు నిండు సీసాలు. అడ్డా మీద అంత నీరు ఉండగా ఒక్క గొంతూ తడవకపోవడం చూసి నాకు ఒళ్లు పులకరించింది. ఇంతటి నిగ్రహం మునులకైనా ఉండేదా?

ఎట్టకేలకు దాతగారి డేట్ దొరికింది.

ఆరున్నరకే రమ్మన్నారు. నలభై ఆరుగురు ఆడవాళ్లు వచ్చి నలభై ఆరు కుర్చీల్లో కూర్చున్నారు. మేస్త్రీలు వచ్చి, పిలిచి, సభ చూసి దండం పెట్టి పోయారు. ఏడయింది. ఎనిమిదయింది. రిబ్బను గాలికి ఊగుతోంది. తొమ్మిదికి సావిత్రమ్మ లేచింది. గంపను కుర్చీలో పెట్టింది. “నడువుండ్రే, తుమ్మలల్లకు పోయొస్తం” అంది. ఒకరి వెనక ఒకరు నలభై ఆరుగురూ లేచారు. నలభై ఆరు గంపలు కుర్చీలెక్కాయి.

సరిగ్గా అప్పుడే దాతగారి కారు వచ్చి ఆగింది!

తెల్లని లాల్చీ, చల్లని నవ్వు. వేదిక ఎక్కి సభ వైపు చూసి ఒక్క క్షణం ఆగారు. కుర్చీల నిండా గంపలు. కొన్నింట్లో పార పిడి తలెత్తి చూస్తోంది.

“జనం ఏరీ?” అన్నారు మెల్లగా.

జయపాల్ తడబడలేదు. “ఉన్నారు సార్. అడ్డా రివాజు ప్రకారం గంప ఉంటే మనిషి ఉన్నట్టే సార్.”

దాతగారు సంస్కృతిని గౌరవించే మనిషి. గొంతు సవరించుకుని, “ప్రియమైన శ్రామిక సోదరీమణులారా!” అని గంపలను ఉద్దేశించి మొదలుపెట్టారు. యాభై నిమిషాలు మాట్లాడారు. నేను ఎన్నో సభలు చూశాను కానీ అంత క్రమశిక్షణ గల శ్రోతలను చూడలేదు. ఒక్క గంప దగ్గలేదు. ఒక్క గంప ఫోను మోగలేదు. ‘సభికులు శ్రద్ధగా విన్నారు, ఎవరూ ప్రశ్నలు అడగలేదు’ అని మూడు సంఘాలూ తమతమ నివేదికల్లో రాసుకున్నాయి. అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు!

పోయినవాళ్లు ఎప్పుడో తిరిగి వచ్చారు. తమ బదులు గంపలు సభలో కూర్చున్నాయి కనుక తొందరేముందని హోటలు నీడన నిలబడి చూస్తున్నారు.

“నీ గంప మస్తు ఇంటుంది వదినె” అంది ఇందిరమ్మ.

“నాకంటె దానికే ఓపిక ఎక్కువ” అంది సావిత్రమ్మ.

అసలు ఆపద ప్రసంగం చివర వచ్చింది. నీళ్లు ఎలా తాగాలో మాటల్లో చెబితే చాలదని దాతగారు చేసి చూపించారు. “ఇదిగో, ఒకటి!” అని ఒక గ్లాసు ఎత్తారు. “ఇదిగో, రెండు!” గంపలు నిశ్శబ్దంగా చూశాయి. వలస మిత్ర ప్రేమలత పక్కనుండి వినయంగా గ్లాసులు నింపుతూనే ఉంది. “ఇదిగో, ఎనిమిది!” రాంబిలాస్ ఒక్కడే చప్పట్లు కొట్టాడు, ఎప్పటిలాగే సభ తొందరగా ముగియాలని.

హైదరాబాదు నుంచి మూడు గంటల ప్రయాణం. పైన ఎనిమిది గ్లాసులు. వందన సమర్పణ సగంలో ఉండగా దాతగారి చల్లని నవ్వు కొంచెం బిగుసుకుంది. కాలు మీద కాలు వేసుకున్నారు. తీసి రెండో కాలు వేసుకున్నారు. జయపాల్ చెవిలో ఏదో అన్నారు. జయపాల్ మొహం పాలిపోయింది.

ఎక్కడికి తీసుకుపోవాలి? తుమ్మల దారి పది నిమిషాలు. పైగా తెల్లని లాల్చీ, సర్కారు ముళ్లు. గోడ పక్కకా? అడ్డా చుట్టూ ఎన్ని గోడలున్నాయో అన్నింటి మీదా స్వాగతం పలుకుతున్న ఫ్లెక్సీలు. ఏ గోడ వైపు తిరిగినా చేతులు జోడించి నవ్వుతున్నది దాతగారే! ఎంత అవసరమైనా మనిషి తన మొహం మీద తాను...

“రిబ్బను!” అన్నారు దాతగారు. “రిబ్బను ఇప్పుడే కత్తిరిద్దాం!”

కత్తెర వచ్చింది. రిబ్బను తెగింది. జయపాల్ జేబులోంచి ఒక తాళంచెవి, ప్రేమలత సంచిలోంచి రెండో తాళంచెవి వచ్చాయి. మూడోది? చెమట చుక్క అధ్యక్షుడు నరేందర్ దగ్గర ఉంది. నరేందర్ ఎక్కడ? దాతగారి డేట్ కంటే ముందే ఖరారైన సదస్సు కోసం గద్వాలలో ఉన్నాడు. ఫోను చేశారు. ఎత్తలేదు. సదస్సులో ఫోన్లు ఎత్తకూడదన్నది అతని నియమమే.

దాతగారు తలుపు మీద చేయి ఆనించి కళ్లు మూసుకున్నారు. తలుపు మీది స్త్రీ నవ్వుతూనే ఉంది.

“ఏదన్న చెయ్యుండ్రయ్యా!” అని అరిచాడు జయపాల్.

అప్పుడు సావిత్రమ్మ హోటలు నీడలోంచి కదిలింది. కుర్చీలోని ఇందిరమ్మ గంపలోంచి గడ్డపార తీసింది. మూడో తాళం సందులో మొన పెట్టి ఒక్కసారి నడుము వంచింది. ఠంగుమంది. అంతే.

ఇక్కడ నాకొక సందేహం పుట్టింది, మీకూ పుట్టే ఉంటుంది. అడ్డా మీద ఇన్ని గడ్డపారలు ఉండగా ఆ మూడు తాళాలు ఇన్నాళ్లు ఎలా నిలిచాయి? మెల్లగా అడిగాను. “ఈ పని ముందే చేయలేకపోయావా సావిత్రమ్మా?”

ఆమె నన్ను పిల్లాణ్ణి చూసినట్టు చూసింది. “మేం పలగ్గొడితే కేసయితది. సారు కోసం పలగ్గొడితే సేవయితది.”

లోపలికి పోయిన దాతగారి గొంతు రెండు నిమిషాలకు సన్నగా వినబడింది. “నీళ్లు... నీళ్లు రావడం లేదు!”

ట్యాంకు ఉంది. నల్లా ఉంది. రెండింటినీ కలిపే పైపు ఏ సంఘం పేరున వేయాలో ఇంకా తేలలేదు.

ఆడవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నడిచి సభలోకి వెళ్లారు. ఎవరి గంపలోంచి వారు సీసాలు తీశారు. ఒకరి చేతి నుంచి ఒకరి చేతికి, కుర్చీల వరుస నుంచి తలుపు దాకా నిండు సీసాలు ప్రయాణం చేశాయి. అవగాహన వారోత్సవంలో పంచిన నీళ్లు తొలిసారి ఒక మనిషికి ఉపయోగపడ్డాయి!

దాతగారు బయటికి వచ్చారు. మొహంలో మళ్లీ వెలుగు. చేతిలో మిగిలిన సీసా. దాన్ని తిప్పి చూసి నొసలు ముడిచారు. “ఇవి వారం కింద పంచినవి కదా? సీలు కూడా తీయలేదు. తాగమని చెప్పాం కదమ్మా. ఎందుకు తాగలేదు?”

అందరూ సావిత్రమ్మ వైపు చూశారు.

“తాగితే యాడికి పోవాలె సారూ? మీరు ఎనిమిది తాగిండ్రు. పావుగంట ఆగలేకపోయిండ్రు. నేను ఇర్వై ఏండ్ల సంది ఆగుతున్న.”

రాంబిలాస్ కూడా చప్పట్లు కొట్టలేదు.

దాతగారు తలుపు దగ్గరకు నడిచారు. విరిగిన తాళాన్ని, బాగున్న రెండు తాళాలను ఏరి లాల్చీ జేబులో వేసుకున్నారు. “పైపు రేపు పొద్దున్నకల్లా పడాలి. ఇక తాళం వద్దు” అని కారెక్కారు. పైపు పడింది. తలుపు ఆనాటి నుంచీ తెరిచే ఉంది. సావిత్రమ్మ ఇప్పుడు అడ్డా మీద అందరూ చూస్తుండగా గటగటా నీళ్లు తాగుతుంది. కొత్త తాళం ఎవరి పేరున కొనాలన్న విషయం మాత్రం సమన్వయ సమావేశంలో చర్చకు వస్తూనే ఉంది. చర్చ ఎంతకీ తెగకూడదని నేను మనసారా కోరుకుంటున్నాను.

ఇప్పుడు చెప్పండి, సంఘాలు వద్దంటారా? నేననను. సదస్సులు తగ్గించమంటారా? అసలే అనను! ఇంకా పెట్టండి. వారానికి ఏడు పెట్టండి. ఒక్క మనవి మాత్రం ఉంది. కూలీకి ఏం కావాలో కూలీని అడిగే శ్రమ మీకు ఎలాగూ వద్దు. అతిథిని ఎంచుకోవడంలో మాత్రం కొంచెం జాగ్రత్త వహించండి.

అడ్డాకు నీడ లేదు. ఎండ సోకితే కళ్లు తిరిగే అతిథిని పిలవండి; సాయంత్రానికి రేకులు పడతాయి. మన్ననూరు నుంచి పనికి వచ్చినవాళ్లు బస్టాండులోనే పడుకుంటున్నారు. తిరుగు బస్సు తప్పిపోయే అతిథి ఒకరు కావాలి. రాంబిలాస్ కూతురు బడికి పోకుండా మిల్లు ముందు ఆడుకుంటోంది. మనవరాలిని చంకన వేసుకుని వచ్చి, ఆ పిల్ల పక్కన ఒక పూట వదిలిపోయే అతిథి దొరికితే మరీ మంచిది.

సావిత్రమ్మ రాళ్లు ఇంకా కరగలేదు. ఎంతున్నాయో చూద్దామంటే దవాఖానలో స్కానింగ్ మిషన్ రెండు నెలలుగా గుడ్డ కప్పుకుని నిద్రపోతోంది. కనుక అయ్యా, సేవాతత్పరులైన పెద్దలలో కిడ్నీలో రాయి ఉన్నవారు ఎవరైనా ఉంటే, నొప్పి బాగా లేచిన రోజు చూసుకుని, దయచేసి ఒక్కసారి మా ఊరికి విచ్చేయండి. శాలువా మేమే కప్పుతాం.